బేరం మధ్యలో ప్రోగ్రామ్ ఎప్పుడు నోరు విప్పాలి? ఒక ప్రాజెక్టు డైరీ

సోమవారం

రెండు పక్షాలు బేరమాడుకునేటప్పుడు, లేదా ఐదారుగురు కూర్చుని ఒక విషయం తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు వాడుకునే చిన్న వెబ్ టూల్ రాయడం మొదలుపెట్టాను. పైథాన్, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్, బ్రౌజర్‌లో కొన్ని ఫారాలు, అంతే. ఏఐ జోలికి పోలేదు. మనుషుల తరఫున బేరమాడే బాట్ రాసే ఉద్దేశం కూడా లేదు. బేరం వాళ్ళే ఆడుకుంటారు, లెక్కలు మాత్రం ఇది చూసుకుంటుంది.

ఈ రంగానికి వయసు బాగానే ఉంది. 1987లో డిసాంక్టిస్, గాలప్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి వ్యవస్థలను మూడు అంచెలుగా విడదీశారు. మొదటి అంచె మాటామంతీకి ఉన్న అడ్డంకులు తీసేస్తుంది: అందరూ ఒకేసారి టైప్ చేయడం, పేర్లు కనిపించకుండా అభిప్రాయం చెప్పడం, ఓట్లు లెక్కపెట్టడం లాంటివి. రెండోది నిర్ణయానికి కావాల్సిన లెక్కలు, నమూనాలు ఇస్తుంది. మూడో అంచెలో ఎవరు ఎప్పుడు ఏం మాట్లాడాలో ఆ నియమాలను కూడా యంత్రమే నడిపిస్తుంది. నా టూల్ రెండో అంచెలో ఉంటుందని అనుకుని మొదలుపెట్టాను. మూడో అంచెలోకి కాలు పెట్టకుండా కుదిరేలా లేదని డేటాబేస్ టేబుళ్ళు గీస్తున్నప్పుడే అర్థమైంది. ఎవరికి ఏది ఎంత ముఖ్యమో చెప్పే పాయింట్లు ఎవరికి కనిపించాలన్న ప్రశ్నకు జవాబు తేలకుండా ఒక్క టేబుల్ కూడా ఖరారు కావట్లేదు.

బుధవారం

ముందుగా ఇద్దరి మధ్య బేరం సంగతి చూస్తున్నాను. పరీక్షకు ఒక ఊహాత్మక ఒప్పందం తీసుకున్నాను. ఒక పక్క కొనేవాళ్ళు, ఇంకో పక్క యంత్రాలు సరఫరా చేసేవాళ్ళు. తేలాల్సిన అంశాలు మూడు: సరుకు ఎన్ని వారాల్లో చేరాలి (4, 6, 8), వారంటీ ఎన్ని నెలలు (12, 24, 36), అడ్వాన్స్ ఎంత శాతం (10, 30, 50).

ఎవరికి ఏది ఎంత ముఖ్యమో ఎలా అడగాలి? ఇక్కడే చాలా టూల్స్ బోర్లా పడతాయి. "గడువు మీకు ఎంత ముఖ్యం? ఒకటి నుంచి పది వరకు చెప్పండి" అని అడిగితే ఎవరైనా ఎనిమిదో తొమ్మిదో అంటారు. ఆ ఎనిమిదికి అర్థం లేదు. గడువు 4 నుంచి 8 వారాల మధ్య మారేటప్పుడు దాని బరువు వేరు, 4కీ 5కీ మధ్య మాత్రమే మారేటప్పుడు వేరు. పరిధి కుదించుకుపోతే బరువు కూడా తగ్గాలి. మనుషులు అంతగా తగ్గించరని వాన్ నిట్జ్ష్, వెబర్ 1993లోనే ప్రయోగం చేసి చూపించారు.

అందుకే ప్రశ్న మార్చాను. "మూడు అంశాల్లోనూ మీకు వచ్చింది అన్నిటికంటే అధ్వాన్నమైనదే అనుకోండి. ఒక్కదాన్ని మాత్రం అట్టడుగు నుంచి పైకి తెచ్చుకునే అవకాశం ఉంటే దేన్ని తెచ్చుకుంటారు? తర్వాత దేన్ని?" స్వింగ్ వెయిటింగ్ అంటారు దీన్ని. వార్డ్ ఎడ్వర్డ్స్ శిష్యగణం నుంచి వచ్చిన పద్ధతి. అడిగేది ఏమిటో జవాబు చెప్పేవాడికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి వచ్చే అంకెల మీద నాకు నమ్మకం ఎక్కువ.

అంశాలను జంటలుగా పోల్చి బరువులు తేల్చే ఏహెచ్‌పీ అనే పద్ధతి ఎందుకు వాడలేదని ఎవరైనా అడుగుతారు, అందుకని ఇక్కడే రాసి పెడుతున్నాను. థామస్ సాటీ పద్ధతిలో ప్రతి రెండు అంశాలనూ 1 నుంచి 9 వరకు ఉన్న కొలబద్దతో పోల్చాలి. ఏడు అంశాలుంటే 21 పోలికలు. పోలికల్లో పొంతన లేకపోతే అది పట్టుకునే లెక్క ఉంది, ఆ నిష్పత్తి 0.10 దాటితే మళ్ళీ ఆలోచించుకోమంటుంది. ఆ ఏర్పాటు నాకు నచ్చుతుంది. కానీ జాబితాలో ఉన్న ఒకదానికి నకలు లాంటి కొత్త ప్రత్యామ్నాయం చేర్చితే పాత వాటి వరస తారుమారు కావచ్చని బెల్టన్, గియర్ 1983లో చూపించారు. బేరంలో కొత్త ప్రతిపాదనలు వస్తూనే ఉంటాయి. వచ్చిన ప్రతిసారీ వరస మారితే జనం టూల్‌ని వదిలేస్తారు.

శుక్రవారం

లెక్కలు నడిచాయి. ఇదీ పరీక్ష డేటా.

కొనేవాళ్ళ పాయింట్లు: గడువు 4 వారాలైతే 60, 6 అయితే 35, 8 అయితే సున్నా. వారంటీ 36 నెలలకు 25, 24కు 15, 12కు సున్నా. అడ్వాన్స్ 10 శాతమే అయితే 15, 30 అయితే 10, 50 అయితే సున్నా.

సరఫరా చేసేవాళ్ళవి: 8 వారాలకు 20, 6కు 15, 4కు సున్నా. వారంటీ 12 నెలలకు 30, 24కు 20, 36కు సున్నా. అడ్వాన్స్ 50 శాతానికి 50, 30కి 30, 10కి సున్నా.

మామూలుగా మనుషులు ఏం చేస్తారు? నువ్వు కొంచెం దిగు, నేను కొంచెం దిగుతాను అంటూ ప్రతి అంశంలోనూ చెరిసగం పంచుకుంటారు. 6 వారాలు, 24 నెలలు, 30 శాతం. ఇద్దరూ చేతులు కలుపుకుని లేస్తారు. కొనేవాళ్ళకు 60 పాయింట్లు, సరఫరా వాళ్ళకు 65. చూడ్డానికి ఎంతో న్యాయంగా ఉంది.

ఒక్కో అంశానికి ఒక్కో విలువ ఎంచుకుంటే ఒక ప్యాకేజీ; అలాంటి మొత్తం 27 ప్యాకేజీలనూ ప్రోగ్రామ్ లెక్కేసింది. వాటిలో ఒకరికి నష్టం లేకుండా ఇంకొకరికి లాభం చేయడం ఇక సాధ్యం కాని ప్యాకేజీలు 9. మన చెరిసగం ఒప్పందం ఆ తొమ్మిదిలో లేదు. 4 వారాలు, 24 నెలలు, 50 శాతం తీసుకుంటే కొనేవాళ్ళకు 75, సరఫరా వాళ్ళకు 70. ఇద్దరికీ ఎక్కువే. చెరిసగం కంటే ఇద్దరికీ ఖాయంగా మెరుగైనది మొత్తం 27లో ఇదొక్కటే. మీరు సరుకు తొందరగా ఇవ్వండి, మేము డబ్బు ముందే ఇస్తాం అన్న బేరం. ఒక్కో అంశాన్నీ విడిగా తేల్చుకుంటూ పోయేవాళ్ళకు ఇది ఎదురుపడదు. ఎందుకంటే గడువు గురించి మాట్లాడేటప్పుడు అడ్వాన్స్ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇద్దరి పాయింట్లనూ హెచ్చవేసి గరిష్ఠం చూసే, గణితవేత్త జాన్ నాష్ పద్ధతి (1950) కూడా దీన్నే ఎంచింది: 75ని 70తో హెచ్చిస్తే 5250. చెరిసగానికి వచ్చేది 3900. నాష్ పద్ధతిలో నాకు నచ్చేది, ఒకరు తమ కొలబద్దను 100కి బదులు 1000కి సాగదీసినా ఎంపిక మారదు. పాయింట్ల కూడిక అయితే ఆ సాగదీతకు లొంగిపోతుంది.

ఇదంతా కలిపి చిన్న ఫంక్షన్‌లో అయిపోయింది. ఇంత తేలికైన భాగం గురించే పుస్తకాల్లో అన్నేసి పేజీలు ఎందుకుంటాయో నాకు అంతుపట్టదు.

శనివారం రాత్రి

పై లెక్కలో ఒక ముక్క కావాలనే వదిలేశాను. బేరం కుదరకపోతే ఎవరి చేతిలో ఏముంది? కొనేవాళ్ళకు ఇంకో సరఫరాదారు దొరకవచ్చు, సరఫరా వాళ్ళకు ఇంకో ఆర్డర్ ఉండవచ్చు. నాష్ లెక్కలో హెచ్చవేయాల్సింది ఆ అట్టడుగు హద్దుకు పైన వచ్చే లాభాన్ని.

కొనేవాళ్ళ హద్దు 40, సరఫరా వాళ్ళది 45 అనుకుంటే పాత ప్యాకేజీయే గెలుస్తుంది: 35ని 25తో హెచ్చిస్తే 875. ఇప్పుడు సరఫరా వాళ్ళు తమ హద్దు 65 అని కోశారనుకుందాం. అప్పుడు అదే ప్యాకేజీ లెక్క, 35ని 5తో హెచ్చిస్తే, 175కి పడిపోతుంది. 4 వారాలు, 12 నెలలు, 50 శాతం ఉన్న ప్యాకేజీ 300తో పైకి వస్తుంది. అందులో సరఫరా వాళ్ళకు 80 పాయింట్లు, అంటే పది ఎక్కువ. ఒక్క అబద్ధం చెప్పినందుకు టూల్ బహుమతి ఇచ్చిందన్నమాట.

ఇద్దరూ అదే తెలివి చూపిస్తే? కొనేవాళ్ళు 65, సరఫరా వాళ్ళు 75 అన్నారు. ప్రోగ్రామ్ ఖాళీ జాబితా ఇచ్చింది. నిజంగా ఇద్దరికీ లాభమున్న ఒప్పందాలు ఎదురుగా ఉండగానే ఒప్పందానికి చోటే లేదని తేల్చింది.

కోడ్ రాసి దీన్ని సరిచేయొచ్చేమో అని ఎవరైనా అనుకుంటే, 1983 నాటి మయర్‌సన్, సాటర్త్‌వేట్ సిద్ధాంతం ఒకసారి చూడాలి. ఎవరి విలువ వాళ్ళకే తెలిసిన ఇద్దరి మధ్య బేరంలో, నిజం చెప్పడమే లాభంగా ఉండి, ఇష్టపూర్వకంగా చేరి, బయటి నుంచి డబ్బు పోయకుండా, లాభమున్న ప్రతి బేరమూ కుదిరేలా చూసే ఏర్పాటు సాధారణంగా సాధ్యం కాదంటుంది. దాన్ని చదివాక ఊపిరి పీల్చుకున్నాను. అసాధ్యమైన దాని కోసం రాత్రుళ్ళు కూర్చోనక్కర్లేదు కదా.

నా నిర్ణయం: హద్దు అంకెను టూల్ ఎవరినీ అడగదు. ఫారంలో ఆ గడి తీసేశాను. ప్రతి ఒక్కరూ తమ హద్దును తమ తెరమీదే రాసుకోవచ్చు, దానికి కిందికి పోయే ప్యాకేజీలు వాళ్ళకు మాత్రమే మసకగా కనిపిస్తాయి. సర్వర్‌కి ఆ అంకె చేరదు.

మంగళవారం

హద్దు సరే, బరువుల సంగతేమిటి, అంటే ప్రతి అంశానికీ ఇచ్చిన పాయింట్ల సంగతి? అవి సర్వర్‌కి చేరక తప్పదు, లేకపోతే మెరుగైన ప్యాకేజీని వెతకడం కుదరదు. కానీ వాటిని ఎదుటివాళ్ళకు చూపించకపోయినంత మాత్రాన గుట్టు దాగినట్టు కాదు.

ఇలా చూడండి. బేరం నడుస్తుండగా "ఈ ప్రతిపాదన కంటే ఇద్దరికీ మెరుగైనది ఉందా?" అని అడిగే బటన్ ఒకటి పెట్టాను. తెలివైన కొనుగోలుదారు ఏం చేస్తాడు? తనకు కావాల్సిన ప్రతిపాదనలు ఒక్కొక్కటే పెట్టి, బటన్ నొక్కుతూ పోతాడు. ఉంది, లేదు, ఉంది, లేదు. ప్రతి జవాబూ అవతలివాళ్ళ పాయింట్ల గురించి ఒక ముక్క చెబుతుంది. కాసేపటికి సరఫరా వాళ్ళకు అడ్వాన్సే ప్రాణం, గడువు పెద్ద లెక్క కాదని అతనికి తేటతెల్లమవుతుంది. ఇక బేరంలో అడ్వాన్స్ మీదే బిగిస్తాడు. తాళం వేసిన పెట్టెను తెరవకుండా, ఊపి చూసి లోపలేముందో కనుక్కోవడం లాంటిదిది.

దీనికి పరిష్కారం పాత పరిశోధనలోనే ఉంది. ముందు మనుషులను సొంతంగా ఒప్పందానికి రానివ్వాలి. వచ్చాక, ఆ ఒప్పందం చేతిలో భద్రంగా ఉండగా, ఇంతకంటే ఇద్దరికీ బాగుండేది ఉందేమో చూద్దామా అని అడగాలి. ఉంటే మారొచ్చు, లేకపోతే పాతదే నిలుస్తుంది. హోవర్డ్ రైఫా 1985లో ప్రతిపాదించిన ఆలోచన ఇది, ఒప్పందం తర్వాతి ఒప్పందం. 1990లలో గ్రెగరీ కెర్స్టెన్, సునీల్ నొరోన్హా కెనడాలో నడిపిన ఇన్‌స్పైర్ అనే వెబ్ వ్యవస్థ సరిగ్గా దీన్నే అమలు చేసింది. వెబ్ ఇంకా పసితనంలో ఉన్నప్పుడు వేర్వేరు దేశాల విద్యార్థులు ఒకరినొకరు చూడకుండానే దాని మీద బేరాలాడారు.

కాబట్టి బటన్ తీసేశాను. ఇప్పుడున్న నియమాలివి. ఇద్దరూ ఒక ప్యాకేజీకి "సరే" అన్నాకే వెతుకులాట మొదలవుతుంది. ఇద్దరూ విడివిడిగా "చూద్దాం" అని నొక్కాలి. ఒకరు నొక్కకపోతే, రెండోవాళ్ళు నొక్కారో లేదో వాళ్ళకు చెప్పదు. ఒక బేరానికి ఒక్కసారే. మెరుగైనవి చాలా ఉంటే నాష్ లెక్కలో పైనున్న ఒక్కదాన్నే చూపిస్తుంది. పోలిక స్థానంలో పాత ఒప్పందం ఉంటుంది కాబట్టి ఇక్కడ హద్దు అంకె అవసరం కూడా లేదు.

ఎంతో కొంత గుట్టు అప్పటికీ బయటపడుతుంది. చెరిసగం నుంచి కొత్త ప్యాకేజీకి దూకినప్పుడు, రెండు వారాల గడువు కంటే 20 శాతం అదనపు అడ్వాన్సే సరఫరా వాళ్ళకు విలువైనదని కొనేవాళ్ళకు తెలిసిపోతుంది. నిజంగానే వాళ్ళు 15 పోగొట్టుకుని 20 తెచ్చుకున్నారు. కానీ అప్పటికి ఒప్పందం అయిపోయింది, ఆ తెలిసినదాన్ని ఈ బేరంలో వాళ్ళమీద ప్రయోగించే వీల్లేదు. వచ్చే ఏడాది మళ్ళీ ఇదే ఇద్దరూ కూర్చుంటే ఆ జ్ఞాపకం పనికొస్తుంది, నిజమే. దానికి సాఫ్ట్‌వేర్ చేయగలిగింది ఏమీ లేదు.

యంత్రం లెక్క నిజంగా పెద్ద చర్చల్లో పనిచేసిన సందర్భం ఒకటుంది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం చర్చలు 1973 నుంచి 1982 వరకు సాగాయి. సముద్రగర్భంలో ఖనిజాలు తవ్వే కంపెనీలు ఎంత రుసుము కట్టాలన్నది అందులో ఒక చిక్కుముడి. తవ్వకానికి ఎంత ఖర్చవుతుందో, లాభం ఎంత మిగులుతుందో అంచనా కట్టే కంప్యూటర్ నమూనాను ఎంఐటీ బృందం తయారుచేసింది. సింగపూర్ దౌత్యవేత్త టామీ కో ఆ ఆర్థిక అంశాల చర్చలు నడిపించాడు. ఆ నమూనా ఎవరి పక్షమూ తయారుచేసింది కాదు కాబట్టే రెండు పక్షాలూ తమ ప్రతిపాదనలు దాని ముందు పెట్టి చూసుకోగలిగాయి. నా టూల్ ఆ స్థాయిదేమీ కాదు గానీ, "సర్వర్ ఎవరిది?" అన్న ప్రశ్న మాత్రం సరిగ్గా అదే. ఒక పక్షం కంప్యూటర్ మీద నడిస్తే రెండో పక్షం నిజమైన బరువులు ఇవ్వదు. సెటప్ సూచనల్లో ఇది మొదటి వాక్యంగా రాశాను.

గురువారం

గుంపు నిర్ణయాల భాగం మొదలైంది. ఇక్కడ లెక్కల కంటే ముందు మొహమాటం అడ్డొస్తుంది. పెద్దాయన నోరు విప్పి తన అభిప్రాయం చెప్పేశాక మిగతావాళ్ళు తల ఊపుతారు. అందుకే టూల్‌లో మొదటి రౌండ్ మౌనం: ఎవరి తెర మీద వాళ్ళు రాస్తారు, అందరూ పంపాకే అన్నీ ఒకేసారి, పేర్లు లేకుండా బయటికొస్తాయి.

దీనికి గట్టి ఆధారం కూడా ఉంది. గుంపుగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు ఆలోచనలు చెప్పేవాళ్ళకంటే, విడివిడిగా రాసినవాళ్ళ ఆలోచనలు కలిపితే ఎక్కువ వస్తాయి. అవతలివాళ్ళు ముగించేదాకా ఆగడమే అందుకు ముఖ్య కారణమని డీల్, స్ట్రోబె 1987లో తేల్చారు. అరిజోనా విశ్వవిద్యాలయంలో జే నునమాకర్ బృందం అదే కాలంలో కట్టిన గదుల్లో ప్రతి కుర్చీ ముందూ ఒక కంప్యూటర్ పెట్టడం వెనక ఉన్న తర్కమూ ఇదే. పేర్లు దాచి, రౌండ్ల వారీగా నిపుణులను అడిగే డెల్ఫీ పద్ధతి ఇంకా పాతది, 1950లలో అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో పుట్టింది.

పేర్లు దాచడం ఐదుగురి గుంపులో అంతగా పనిచేయదు, అది వేరే సంగతి. రాసే తీరు చూసి ఎవరిదో పట్టేస్తారు. అందుకని మొదటి రౌండ్‌లో వాక్యాలకు బదులు చిన్న శీర్షికలే అనుమతించాను.

శుక్రవారం

ఓట్ల లెక్క. ఐదుగురు, మూడు ప్రత్యామ్నాయాలు. ముగ్గురి వరస క, ఖ, గ. ఇద్దరి వరస ఖ, గ, క.

ఇద్దరిద్దరిని పోటీ పెడితే క అనేది ఖ మీద 3-2తో, గ మీద 3-2తో గెలుస్తుంది. కాండోర్సే (1785) పద్ధతిలో క విజేత. బోర్డా పద్ధతిలో మొదటి స్థానానికి 2, రెండోదానికి 1 ఇస్తే, కకు 6, ఖకు 7, గకు 2. ఖ విజేత. ఇప్పుడు ఎవరూ మొదటి స్థానం ఇవ్వని గను జాబితా నుంచి తీసేస్తే, బోర్డాలో కూడా క 3-2తో గెలుస్తుంది. అంటే ఖను గెలిపించాలనుకునేవాళ్ళు గను జాబితాలో ఉంచేలా చూసుకుంటే చాలు, పని అయిపోతుంది.

దీన్ని పూర్తిగా తప్పించే పద్ధతి లేదని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1951లో రుజువు చేశాడు: మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రత్యామ్నాయాలున్నప్పుడు, సంబంధం లేని ప్రత్యామ్నాయం ఫలితాన్ని మార్చకూడదు, ఒక్కరే నియంత కాకూడదు లాంటి మామూలు షరతులన్నీ కలిపి ఏ ర్యాంకింగ్ పద్ధతీ నెరవేర్చలేదు. కాండోర్సే పద్ధతిలో కూడా క ఖను, ఖ గను, గ కను ఓడించే చక్రం వచ్చే ప్రమాదముంది. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టు వాళ్ళు తమ ఓటింగ్‌లో ఆ చక్రాన్ని విడదీసే షుల్జ్ పద్ధతి వాడతారు.

చాలా టూల్స్ ఇక్కడ ఒక పద్ధతి ఎంచుకుని, విజేత పేరు పెద్ద అక్షరాల్లో చూపించి ఊరుకుంటాయి. నాకది నచ్చదు. నా టూల్ రెండు లెక్కలూ వేస్తుంది. రెండూ ఒకే పేరు చెబితే విజేతను చూపిస్తుంది. వేర్వేరు పేర్లు చెబితే విజేత పేరు అసలు చూపించదు, ఈ గుంపు ఇంకా తేల్చుకోలేదు అని చెప్పి, ఎక్కడ చీలిందో జంటల వారీగా పట్టిక ఇస్తుంది. పై ఉదాహరణలో ముగ్గురు కను కోరుకుంటున్నారు, కానీ మిగతా ఇద్దరికీ క అంటే అస్సలు గిట్టదు. ఆ మాట గుంపు మాట్లాడుకోవాలి. మెజారిటీ ముఖ్యమా, ఎవరూ మరీ నొచ్చుకోకపోవడం ముఖ్యమా అన్నది పద్ధతి ఎంపికలో దాచిపెట్టే విషయం కాదు.

ఆదివారం

పరిచయస్తులతో బేరం ఆట ఆడించాను. పాత్రలు, పాయింట్ల చీటీలు ఇచ్చి ఇద్దరినీ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టాను. సరఫరా పాత్ర వేసినావిడ ఫారం తెరవగానే అడిగిన మొదటి ప్రశ్న: "నేనిక్కడ కొట్టేది అవతలివాళ్ళకి కనిపించదు కదండీ?" కనిపించదన్నాను. "మరి మీకు?" సర్వర్ నాది కాబట్టి, కావాలంటే చూడగలను అని చెప్పాల్సి వచ్చింది. "అయితే కొంచెం పెంచే రాస్తానులెండి" అంది నవ్వుతూ.

వాళ్ళు చెరిసగానికే వచ్చారు, ఊహించినట్టే. "చూద్దాం" ఇద్దరూ నొక్కారు. తెర మీద 4 వారాలు, 24 నెలలు, 50 శాతం కనిపించింది. కొనేపాత్ర వేసినాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. పాయింట్ల ప్రకారం తనకు 5 ఎక్కువే వస్తున్నా, గడువు మీద అంతసేపు వాదించి నిలబెట్టుకున్న ఆరు వారాలను నాలుగుకు వదులుకోవడం ఓడిపోయినట్టుందట. పాయింట్లు తెలిసి కూడా.

ఇది లెక్క సమస్య కాదు, చూపించే తీరు సమస్య. కొత్త ప్యాకేజీని "మార్పులు" అన్న శీర్షిక కింద పాతదాని పక్కన పెడితే కళ్ళు ముందుగా పోయిన వారాల మీదే పడతాయి. పోగొట్టుకునేది వచ్చేదానికంటే బరువుగా అనిపిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. అందుకని కొత్త తెరలో ముందు ఎవరి పాయింట్లు వాళ్ళకు "65 నుంచి 70" అని కనిపిస్తాయి, ఆ తర్వాతే వివరాలు. ఇలా చేయడం ఒక దిక్కుకు నెట్టడమే కదా అనే అనుమానం నాకూ ఉంది. వివరాలు ముందు చూపినా ఇంకో దిక్కుకు నెట్టినట్టే. ప్రస్తుతానికి రెండు వరసలూ ఉంచి, ఏది కావాలో బేరం మొదలవకముందే ఇద్దరూ కలిసి ఎంచుకునేలా సెట్టింగ్ పెట్టాను.

సోమవారం

ఆవిడ అడిగిన రెండో ప్రశ్న వదలట్లేదు. బరువులు సర్వర్‌లో ఉన్నంతకాలం నడిపేవాడి మీద నమ్మకం కావాలి. ఇద్దరి బరువులనూ ఎవరికీ విప్పకుండానే ఉమ్మడిగా లెక్క కట్టే క్రిప్టోగ్రఫీ పద్ధతులు 1980ల నుంచే ఉన్నాయి, కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రూ యావ్ వాటికి ఆద్యుడు. 27 ప్యాకేజీల లెక్కకు అవి భారమేమీ కాదు. కానీ సరైన లైబ్రరీ ఎంచుకుని, సామాన్యుడికి అర్థమయ్యేలా వివరించడానికి చాలా పని ఉంది. అప్పటిదాకా తాత్కాలిక ఏర్పాటు: బేరం ముగిసిన వెంటనే, కుదిరినా కుదరకపోయినా, రెండు పక్షాల బరువులూ డేటాబేస్ నుంచి చెరిగిపోతాయి. ఒప్పందం మాత్రమే మిగులుతుంది. బ్యాకప్‌ల నుంచి కూడా తీసేసే స్క్రిప్ట్ రాశాను, దాని టెస్టులు ఇంకా పాస్ కావాలి.

తర్వాత చేయాల్సినవి: అంశాలు పదికి చేరితే, ఒక్కోదానికి మూడేసి విలువలున్నా 59,049 ప్యాకేజీలు అవుతాయి, అన్నీ లెక్కేయడం పైథాన్ లూప్‌లో కూడా సాధ్యమే గానీ, ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోల్చడం అంత తేలిక కాదు. గుంపు భాగంలో ఒకరు మధ్యలో వెళ్ళిపోతే వాళ్ళ ఓటు ఏం చేయాలో తేలాలి. "చూద్దాం" బటన్ మీద రాసిన మాట మార్చమని కొనేపాత్ర వేసినాయన అడిగాడు. నొక్కితే ఒప్పుకున్నట్టేనేమో అని భయమేసిందట. "చూపించు, ఒప్పుకోవడం తర్వాత" అని పెట్టి చూస్తాను.